పాట మధ్యలో నిలబడదేం?

సొంతంగా చేసుకున్న స్పీకర్లలో ఎడమ, కుడి తగవు తీర్చే దారి

రాత్రి పదకొండు దాటింది. మాదాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు అనుకుందాం. కింద రోడ్డు మీద హారన్ల మోత సద్దుమణిగింది. హాల్లో గోడ వారగా రెండు చెక్క పెట్టెలు. వాటిని తయారుచేసిన కుర్రాడు పగలంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి. మూడు నెలల ఆదివారాలు వెచ్చించి, వడ్రంగి చేత ప్లైవుడ్ కోయించి, స్పీకర్లు బిగించి, వైర్లు అతికి, పాలిష్ పెట్టి నిలబెట్టాడు. ఊరి నుంచి వచ్చిన తండ్రి దివాన్ మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఘంటసాల పాట మొదలైంది.

"ఎలా ఉంది నాన్నా?"

"గొంతు బాగానే ఉందిరా. కానీ ఆయనేమిటి, వెళ్లి ఆ కిటికీ పక్కన నిలబడి పాడుతున్నాడు?"

కొడుకు ముఖం చిన్నబోయింది. తండ్రి మాటలో అబద్ధం లేదు. గాయకుడు రెండు పెట్టెల మధ్య నిలబడాలి. నిలబడలేదు. ఎడమకు జరిగిపోయాడు. ఇప్పుడు ఏం చేయాలి? ట్వీటర్లు మార్చాలా? ఖరీదైన వైర్లు కొనాలా? ఆంప్లిఫయరు అమ్మేసి ఇంకోటి తేవాలా? సొంతంగా స్పీకర్లు చేసుకున్న వాళ్లలో చాలామంది ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకుంటారు. జవాబు తెలియక జేబులు ఖాళీ చేసుకుంటారు. చివరికి విసిగి, చేసిన పెట్టెలను అటక ఎక్కిస్తారు.

నిజానికి ఈ జబ్బుకు చాలాసార్లు మందు దుకాణంలో ఉండదు. ఇంట్లో ఉండే కొలత టేపు, ఒక పాత పాట, ఒక అద్దం, ఒక టార్చిలైటు సెల్లు. వీటితోనే కారణం బయటపడుతుంది. కావలసిందల్లా ఒక వరస ప్రకారం వెతకడం.

అక్కడ ఎవరూ లేరు

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, రెండు పెట్టెల మధ్య నిజంగా ఏమీ లేదు. అక్కడ వినబడే గాయకుడు మన మెదడు కల్పించుకున్న మనిషి. ఒకే శబ్దం రెండు పెట్టెల నుంచి ఒకే బలంతో, ఒకే క్షణంలో వచ్చి చేరితే, అది ఎదురుగా మధ్య నుంచి వస్తున్నదని మెదడు తీర్మానించుకుంటుంది. ఒక పక్క బలం కాస్త పెరిగినా, ఒక పక్క శబ్దం కాస్త ముందు వచ్చినా ఆ మనిషి అటు జరుగుతాడు. ఇంజనీర్లు దీన్ని స్టీరియో ఇమేజ్ అంటారు.

మనిషి చెవుల మధ్య ఎడం జానెడు కన్నా తక్కువ. పక్క నుంచి వచ్చిన శబ్దం దగ్గరి చెవిని చేరాక రెండో చెవిని చేరడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంటే సుమారు 0.6 లేక 0.7 మిల్లీసెకను. అంత చిన్న తేడాను పట్టుకునే మెదడు మనది. బొంగురు శబ్దాల దిక్కును కాలంలో తేడాను బట్టి, కీచు శబ్దాల దిక్కును బలంలో తేడాను బట్టి పోల్చుకుంటామని ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు.

రెండు స్పీకర్లతో ఈ కనికట్టు చేయవచ్చని లెక్కగట్టి చూపినవాడు అలన్ బ్లూమ్‌లైన్. లండన్‌లో ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు. 1931 డిసెంబరు 14న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. దాని నంబరు 394325. సినిమా హాల్లో నటుడు తెర మీద ఒక వైపు ఉంటే గొంతు ఇంకో వైపు నుంచి రావడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. ఆయన 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి మరణించాడు. స్టీరియో గ్రామఫోన్ రికార్డులు బజారులోకి వచ్చింది 1958లో. తాను కనిపెట్టింది ఇంటింటికీ చేరడం ఆయన చూడలేదు.

ఆ దరఖాస్తుకు తొంభై ఏళ్లు దాటాయి. పెట్టెలు మారాయి, స్పీకర్లు మారాయి. సూత్రం మారలేదు. రెండు పక్కలూ సమానంగా ఉండాలి. అంతే. మాదాపూర్ హాల్లో గాయకుడు కిటికీ పక్కకు పోయాడంటే, ఎక్కడో ఒకచోట రెండు పక్కల సమానత్వం చెడిందని అర్థం. అది ఎక్కడ చెడిందో పట్టుకోవడమే పని.

పాత పాటే పరీక్ష

పరీక్షకు కొత్త పాట పనికిరాదు. ఇప్పటి పాటల్లో తబలా ఒక పక్క, వయొలిన్లు ఒక పక్క, కోరస్ నాలుగు పక్కలా పరిచి ఉంటాయి. అందులో ఏది ఎక్కడ ఉండాలో రికార్డు చేసినవాడికే తెలుసు. 1960 ప్రాంతాల నాటి కొన్ని స్టీరియో రికార్డుల్లో అయితే గొంతు మొత్తం ఒక పక్కనే ఉంటుంది. అది విని పెట్టెలను తప్పు పట్టడం అన్యాయం.

ఇక్కడే మన పాత పాటలు ఆదుకుంటాయి. 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలు తీసుకున్నా, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల అంతకు ముందు పాడిన ఆ తరం సినిమా పాటలు తీసుకున్నా అవి మోనోలో రికార్డయినవి. మోనో అంటే ఎడమకూ కుడికీ ఒకే శబ్దం. కాబట్టి రెండు పెట్టెలూ, గదీ సరిగా ఉంటే గాయకుడూ, వాద్యాలూ అన్నీ కలిసి మధ్యలో ఒక సన్నని స్తంభంలా నిలబడాలి. ఎటు జరిగినా, ఎటు పలచబడినా తప్పు పాటది కాదు. మనదే. లక్షలు పోసి కొన్న యంత్రం కూడా ఇంతకన్నా సూటిగా చెప్పదు.

ఒక జాగ్రత్త. పాత పాటలకు తర్వాత కొత్త డప్పులు చేర్చి, కృత్రిమంగా స్టీరియో చేసి విడుదల చేసినవి కూడా ఉన్నాయి. అవి వద్దు. ఉన్నది ఉన్నట్టు వచ్చిన పాట వెతుక్కోవాలి. ఇంకొక జాగ్రత్త. పాట ఫోన్ నుంచి వస్తుంటే ఫోన్ సెట్టింగుల్లో ఎడమ, కుడి బాలెన్స్ గీత సరిగ్గా నడుమ ఉందో లేదో చూడాలి. చాలా ఫోన్లలో ఇది యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటుంది. తెలియకుండా వేలు తగిలి అది పక్కకు జరిగి ఉంటే, పెట్టెలన్నీ ఊడదీసినా లాభం లేదు. అక్కడే మోనో అనే మీట కూడా ఉంటుంది. అది వేసి ఉంటే స్టీరియో పాట కూడా విచ్చుకోక మధ్యలోనే ముడుచుకుని కూర్చుంటుంది.

రోగం ఏదో ముందు తేల్చాలి

డాక్టరు నాడి చూసినట్టు, లక్షణం ఏమిటో ముందు గమనించాలి.

గొంతు ఒక పక్కకు లాగుతూ, అక్కడే స్థిరంగా ఉంటే రెండు పక్కల బలంలోనో, దూరంలోనో తేడా ఉంది.

గొంతు మధ్యలో లేదు, పక్కలా లేదు, ఎక్కడుందో వేలు పెట్టి చూపలేకపోతే, పైగా డోలు శబ్దం పలచబడితే ఒక పెట్టెలో ప్లస్, మైనస్ వైర్లు తారుమారై ఉంటాయి.

గొంతు మంద్రంలో ఒకచోట, తార స్థాయికి వెళ్లేసరికి ఇంకోచోట వినబడితే, అంటే గాయకుడు పాడుతూ అటూ ఇటూ నడుస్తున్నట్టు ఉంటే, రెండు పెట్టెల లోపలి క్రాసోవర్ సర్క్యూట్లు ఒకదానికొకటి సరిపోలడం లేదు. లేదా పక్క గోడలు అల్లరి చేస్తున్నాయి.

గొంతు మధ్యలోనే ఉంది కాని ఉబ్బిపోయి, అంచులు లేకుండా గోడంతా పరుచుకుంటే అది చాలావరకు గది చేసిన పని.

పైసా ఖర్చు లేని మూడు మార్పిళ్లు

గొంతు ఎడమకు లాగుతోందని తేలింది. కారణం ఎక్కడ? ఆంప్లిఫయరులోనా, పెట్టెలోనా, గదిలోనా? మూడు మార్పిళ్లతో ఇది తేలిపోతుంది. ప్రతి మార్పిడికీ ముందు ఆంప్లిఫయరు స్విచ్ ఆపాలి. కరెంటు ఉండగా స్పీకరు వైర్లు ముట్టుకుంటే, రెండు తీగలు ఒకదానికొకటి తగిలి ఆంప్లిఫయరు కాలిపోయే ప్రమాదం ఉంది.

మొదటిది. ఆంప్లిఫయరు వెనక ఎడమ పెట్టె వైరును కుడి చోట, కుడి పెట్టె వైరును ఎడమ చోట తగిలించాలి. పెట్టెలు కదపరాదు. అదే మోనో పాట వినాలి. ఇంతవరకు ఎడమకు లాగిన గొంతు ఇప్పుడు కుడికి లాగితే తప్పు ఆంప్లిఫయరులోనో, దానికి పాట అందించే యంత్రంలోనో, ఆ రెంటి మధ్య వైరులోనో ఉంది. పెట్టెలు నిర్దోషులు. గొంతు ఇంకా ఎడమనే ఉంటే ఆంప్లిఫయరు నిర్దోషి.

రెండోది. వైర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టి, ఈసారి పెట్టెలనే చేతులతో ఎత్తి అటుదిటు, ఇటుదటు మార్చాలి. వైర్లు ఎక్కడివక్కడే. గొంతు కుడికి మారితే తప్పు పెట్టెలోనే ఉంది. పెట్టెతో పాటు తప్పు కూడా నడిచి వెళ్లింది. గొంతు ఇంకా ఎడమనే ఉంటే పెట్టెలూ నిర్దోషులే. ఇక మిగిలింది ఆ పక్క స్పీకరు వైరు, గది, కూర్చునే చోటు. వైరు మాట తేలాలంటే రెండు వైర్లను కూడా ఒకదాని చోట ఒకటి వేసి చూడవచ్చు.

మూడోది మనుషుల మార్పిడి. ఇంట్లో మరొకరిని అదే చోట కూర్చోబెట్టి వినమనాలి. అందరికీ ఎడమనే వినబడితే సరే. ఒక్కరికే అలా వినబడి, మిగతా వారికి మధ్యలో వినబడితే ఆ ఒక్కరు చెవి డాక్టరుకు చూపించుకోవడం మంచిది. చెవిలో గుబిలి పేరుకున్నా ఒక పక్క వినికిడి తగ్గుతుంది.

ఈ మూడు మార్పిళ్లకు అరగంట చాలు. ఈ అరగంట ఖర్చు చేయకుండా ట్వీటర్లు కొనడానికి పరుగెత్తడం, జ్వరం చూడకుండా మందు మింగడం లాంటిదే.

ఆంప్లిఫయరులో అయితే

తప్పు ఆంప్లిఫయరు వైపు తేలితే వాల్యూం మీటను అనుమానించాలి. ఒకే ఇరుసు మీద రెండు నిరోధకాలు తిరిగే మీట అది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. చవక రకంలో ఆ రెండూ ఒకేలా తిరగవు. ముఖ్యంగా మీటను కొంచెమే తిప్పినప్పుడు ఒక పక్క ముందు మేలుకుంటుంది. రాత్రిపూట తగ్గించి వింటే గొంతు పక్కకు లాగి, పగలు పెంచి వింటే మధ్యకు వస్తే కారణం ఇదేనని అనుమానించవచ్చు. మీట మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. అయితే ఆంప్లిఫయరు లోపల పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తర్వాత కూడా కరెంటును దాచుకుని ఉంటాయి. పని తెలిసినవారి చేతనే విప్పించాలి.

ప్లస్, మైనస్ తారుమారైతే

సొంతంగా పెట్టెలు చేసేవారికి తగిలే మొదటి దెబ్బ ఇది. ఒక పెట్టెలో కోన్ ముందుకు వస్తుంటే రెండో పెట్టెలో వెనక్కి పోతుంది. ఒకటి గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది. బొంగురు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. మధ్యలో గొంతు మాయమవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి టార్చిలైటు సెల్లు, అంటే 1.5 వోల్టుల సెల్లు చాలు. పెట్టెను ఆంప్లిఫయరు నుంచి పూర్తిగా విడదీసి, సెల్లు రెండు కొసలనూ పెట్టె వెనక మేకులకు వైరుతో ఒక్క క్షణం తాకించాలి. ఊఫర్ కోన్ ముందుకు ఉబికితే సెల్లు ప్లస్ తాకిన మేకే ప్లస్. వెనక్కి పోతే అది మైనస్. రెండు పెట్టెలకూ ఇలా చేసి గుర్తు పెట్టుకోవాలి. ట్వీటరు మీద ఈ ప్రయోగం చేయరాదు. అది సున్నితమైనది. దాని వైర్లు కళ్లతో చూసి పోల్చుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని క్రాసోవర్ సర్క్యూట్లలో ట్వీటరును కావాలనే ఊఫర్‌కు ఎదురుగా, ప్లస్ మైనస్ మార్చి తగిలిస్తారు. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో వివరించిన క్రాసోవర్ తరహాలో రెండో తరగతి సర్క్యూట్‌కు అలాగే తగిలించాలి. నాలుగో తరగతి సర్క్యూట్‌కు మార్చనవసరం లేదు. కాబట్టి తిరగబడి కనిపించిన ప్రతి వైరునూ సరిచేయబోతే ఉన్నది చెడుతుంది. సర్క్యూటు బొమ్మ దగ్గర పెట్టుకోవాలి. ఒక పెట్టెలో ఎలా ఉందో రెండో పెట్టెలోనూ అచ్చం అలాగే ఉండాలి.

పెట్టెలు కవలలేనా?

స్పీకర్లు చేసేవారు ఇప్పుడు లెక్కలు బాగానే కడుతున్నారు. నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టి, రిచర్డ్ స్మాల్ 1970 తర్వాత పూర్తిచేసిన సూత్రాలతో పెట్టె ఎంత ఘనపరిమాణం ఉండాలో, గొట్టం ఎంత పొడవుండాలో కంప్యూటరు నిమిషంలో చెప్పేస్తుంది. కానీ ఆ లెక్క చెప్పేది ఊఫర్, పెట్టె కలిసి బాసు ఎలా పలుకుతాయన్న సంగతే. రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయా అన్న ప్రశ్నకు ఆ లెక్కలో జవాబు లేదు.

ఉదాహరణకు ట్వీటరుకు ముందు పెట్టే కెపాసిటరు. 10 మైక్రోఫారడ్ అని దాని మీద రాసి ఉంటుంది. చవకైన ఎలక్ట్రోలిటిక్ రకంలో నూటికి 20 వంతులు అటూ ఇటూ ఉండటం మామూలే. ఒక పెట్టెలో పడినది 12, రెండో పెట్టెలో పడినది 8 అయిందనుకుందాం. 8 ఓముల ట్వీటరుకు మొదటి పెట్టెలో సుమారు 1,660 హెర్ట్జ్ నుంచి, రెండో పెట్టెలో సుమారు 2,490 హెర్ట్జ్ నుంచి పని మొదలవుతుంది. ఆ రెంటి మధ్య పడిన స్వరం ఒక పెట్టెలో ట్వీటరు నుంచి, ఇంకో పెట్టెలో ఊఫర్ నుంచి వస్తుంది. గాయకుడు నడవక ఏం చేస్తాడు? 5 వంతుల తేడా మించని పాలీప్రొపిలీన్ రకం కొంటే, లేక పది కొని మీటరుతో కొలిచి సమానమైన రెంటిని ఏరుకుంటే ఈ బాధ తప్పుతుంది.

అలాగే మల్టీమీటరుతో ప్రతి స్పీకరునూ విడిగా కొలవాలి. 8 ఓముల స్పీకరు మీటరు మీద 6 ఓముల దగ్గర చూపిస్తుంది. అది లోపం కాదు. కానీ ఒకటి 6 చూపించి రెండోది 5 చూపిస్తే అవి జోడీ కావు. స్పీకర్లు రెండూ ఒకేసారి, ఒకే సరుకులోంచి కొనడం ఇందుకే మంచిది.

పెట్టె లోపల నింపే దూది రెంటిలోనూ తూకం వేసి సమానంగా పెట్టాలి. పూర్తిగా మూసిన పెట్టె అయితే ఊఫర్‌ను రెండు వేళ్లతో మెల్లగా నొక్కి వదలాలి. కోన్ నింపాదిగా తిరిగి వస్తే పెట్టె బిగుతుగా ఉన్నట్టు. టక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది. గొట్టం ఉన్న పెట్టెకు ఈ పరీక్ష వర్తించదు.

ట్వీటరును పలక నడుమ కాకుండా ఒక పక్కగా బిగించి ఉంటే, రెండో పెట్టెలో దానికి అద్దంలో ప్రతిబింబంలా ఎదురు పక్కకు బిగించాలి. వడ్రంగికి ఒకే కొలత రెండుసార్లు ఇస్తే రెండు ఎడమ చెప్పులు కుట్టించినట్టు అవుతుంది. పలక అంచులు కత్తిలా ఉంటే వాటికి తగిలిన శబ్దం చెదిరి మళ్లీ చెవికి వస్తుంది. రంపపు పొడి రాలినా సరే, అంచులను గుండ్రంగా చిత్రిక పట్టించడం మేలు.

గది ఊరుకోదు

మాదాపూర్ ఒకప్పుడు బండరాళ్ల మధ్య ఊరు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఊరి రూపే మారిపోయింది. గుట్టల చోట మేడలు లేచాయి. బండలు పోయినా వాటి గుణం ఇళ్లలోకి వచ్చింది. నేల మీద గ్రానైటు లేదా టైల్సు. గోడలు నున్నటి పుట్టీ. బాల్కనీకి గాజు తలుపు. చప్పట్లు కొడితే గణగణమని తిరిగి వచ్చే గదులు. శబ్దాన్ని పీల్చుకునే పరుపు, దుప్పటి, పుస్తకాలు పడకగదిలో ఉంటాయి. పెట్టెలు మాత్రం హాల్లో ఉంటాయి.

పైగా ఇలాంటి హాలు రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఒక పక్క గోడో గాజు తలుపో ఉంటుంది. రెండో పక్క భోజనాల చోటుకు తెరుచుకుని ఉంటుంది. గోడ పక్కనున్న పెట్టె శబ్దానికి గోడ తన వంతు కలుపుతుంది. తెరిచి ఉన్న పక్క ఆ సాయం లేదు. పెట్టె మూలకు చేరితే బాసు ఇంకా పెరుగుతుంది. 3 డెసిబెల్ తేడా వచ్చినా గొంతు మధ్య నుంచి స్పష్టంగా కదిలిపోతుంది.

గోడ మీద తప్పు ఎక్కడ ఉందో అద్దం చెబుతుంది. ఒకరు వినే చోట కూర్చోవాలి. ఇంకొకరు ముఖం చూసుకునే అద్దాన్ని పక్క గోడకు ఆనించి మెల్లగా జరపాలి. కూర్చున్నవారికి అద్దంలో పెట్టె ఎక్కడ కనబడితే, శబ్దం గోడకు తగిలి తిరిగి వచ్చేది అక్కడి నుంచే. ఆ చోట మందపాటి పరదా, పుస్తకాల అర, చుట్టిన బొంత ఏదైనా పెట్టవచ్చు. అద్దె ఇల్లు, మేకు కొట్టవద్దని ఇంటివారి ఆంక్ష ఉన్నా ఇబ్బంది లేదు. బట్టలారేసే స్టాండు మీద రెండు మందపాటి దుప్పట్లు వేసి అక్కడ నిలబెడితే ఎంత మారుతుందో అప్పుడే తెలిసిపోతుంది. నేల మీద, పెట్టెలకూ దివాన్‌కూ నడుమ ఒక జంపఖానా పరచాలి. రెండు పెట్టెలూ వెనక గోడకు ఒకే దూరంలో, పక్క గోడలకు సాధ్యమైనంత ఎడంగా ఉండాలి.

మూరెడు కూడా లేని తేడా

అన్నిటికన్నా తేలికైనదీ, అందరూ మరిచేదీ కూర్చునే చోటు. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. వినేవారు ఒక పెట్టెకు రెండోదాని కన్నా ఆ మేరకు దగ్గరగా కూర్చుంటే, దగ్గరి పెట్టె శబ్దం ఒక మిల్లీసెకను ముందు వస్తుంది. ముందు వచ్చినదాన్ని బట్టే మెదడు దిక్కు నిర్ణయించుకుంటుంది. కొన్ని మిల్లీసెకన్ల వెనక వచ్చినదాన్ని దానిలోనే కలిపేసుకుంటుంది. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో హెల్మట్ హాస్ 1949లో సమర్పించిన పరిశోధన వ్యాసం ఈ విషయాన్ని గురించే. మూరెడు కూడా లేని ఆ తేడాకు గాయకుడు దగ్గరి పెట్టెలోకి వెళ్లి కూర్చుంటాడు.

అందుచేత కొలత టేపు తీసుకోవాలి. ఎడమ పెట్టె ట్వీటరు నుంచి వినేవారి ముక్కు వరకు, కుడి ట్వీటరు నుంచి ముక్కు వరకు కొలవాలి. తేడా రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా చూడాలి. పెట్టెల మధ్య ఎంత ఎడం ఉందో, వినేవారికీ అంతే దూరం ఉంటే మంచి మొదలు. 2 మీటర్ల చొప్పున మూడు పక్కలూ సమానమైన త్రికోణం అన్నమాట. తర్వాత రెండు పెట్టెలనూ వినేవారి వైపు కొద్దికొద్దిగా ఒకే కోణంలో తిప్పుతూ పోవాలి. గొంతు ఎక్కడ చిక్కబడితే అక్కడ ఆపాలి.

ట్వీటరు ఎత్తు చెవి ఎత్తులో ఉండాలి. ఎత్తయిన కుర్చీకి తగ్గట్టు స్టాండు చేయించి, చాప మీద కూర్చుని వింటే శబ్దం తల మీదుగా పోతుంది. నేల మీద కూర్చునే మనిషి చెవి 70, 80 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఎలా కూర్చుని వింటారో తేల్చుకున్న తర్వాతే స్టాండు చేయించాలి.

కోఠికి వెళ్లే ముందు

విడి భాగాలు కావాలంటే హైదరాబాద్‌లో అందరికీ గుర్తొచ్చేది కోఠిలోని గుజరాతీ గల్లీ. హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి చేరినట్టే. వెళ్లేవారు ఊరికే వెళ్లకూడదు. మూడు మార్పిళ్లలో తేలింది ఏమిటి, ఏ పెట్టె, ఏ భాగం, ఎన్ని ఓములు, ఎన్ని మైక్రోఫారడ్‌లు అని కాగితం మీద రాసుకుని వెళ్లాలి. కొనేది ఏదైనా జోడీగా కొనాలి. ఒక పక్క ట్వీటరు పోయిందని ఒక్కటే మార్చితే పాత కొత్తల మధ్య తగవు మళ్లీ మొదలవుతుంది.

ఇక నాలుగో అంతస్తు హాలుకు వద్దాం. కొడుకు వైర్లు మార్చి చూస్తాడు. గొంతు ఎడమనే ఉంటుంది. పెట్టెలు మార్చి చూస్తాడు. ఎడమనే. వైరును వైరుతో మార్చినా ఎడమనే. ఆంప్లిఫయరు తప్పు కాదు. మూడు నెలలు కష్టపడి చేసిన పెట్టెల తప్పు అంతకన్నా కాదు. అప్పటికే సగం దిగులు తీరిపోతుంది. టేపు పట్టుకుని కొలుస్తాడు. తండ్రి కూర్చున్న చోటు నుంచి కిటికీ పక్క పెట్టెకు 190 సెంటీమీటర్లు, రెండోదానికి 222. దివాన్ ఎప్పుడో గోడ మూలకు నెట్టి ఉంది. ఇద్దరూ చెరో పక్క పట్టి దాన్ని జరుపుతారు. మూలలో ఉన్న పెట్టెను ముందుకు లాగుతారు. కిటికీ గాజు మీదికి పరదా లాగుతారు. నేల మీద జంపఖానా పరుస్తారు. ఖర్చు ఏమీ లేదు.

మళ్లీ అదే పాట. తండ్రి కళ్లు మూసుకుని కాసేపు వింటాడు.

"ఇప్పుడు ఎక్కడున్నాడు నాన్నా?"

తండ్రి కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి ఎదురుగా చూపిస్తాడు. అక్కడ రెండు పెట్టెల మధ్య ఉత్త గోడే ఉంది.

"మాట్లాడకురా, పాడనియ్యి."